గోడకి కట్టిన తోట

తెనాలిలో మా అత్తగారింటి పెరడు నాలుగు మూరల వెడల్పు. పెరడని పేరే గానీ, ఇంటికీ ప్రహరీగోడకీ మధ్య మిగిలిన సందు. ఒక చివర బావి, రెండో చివర మెట్ల కింద కట్టెల గది. నేను రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర పల్లెలో, ఇంటి చుట్టూ పాదులున్న చోట పెరిగినదాన్ని. అరవైల చివర్లో పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టాక నాకు మిగిలిన ఆకాశం ఆ సందు మీద కనిపించేదే. వీధి గుమ్మంలో నిలబడితే చాలు, "ఏంటే అమ్మాయ్, ఎవరికోసం చూస్తున్నావ్?" అనేవారు అత్తగారు. మావారు పొద్దున్నే పాసింజరెక్కి బాపట్ల ఆఫీసుకి పోతే దీపాలు పెట్టాకే రావడం. ఆయనకేం, రోజూ రైలు కిటికీ ఉంది.

నెలకి మూడు రోజులు మాత్రం నేను మహారాణిని. బయట చేరిన ఆడదాన్ని ఇంట్లో ఏదీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పెరట్లో బావికి దూరంగా చాప వేసుకుని, దూరం నుంచి పెట్టిన అన్నం తిని, పనీపాటా లేకుండా మేఘాలు చూస్తూ కూర్చోవడమే. అది అవమానమని ఇప్పటివాళ్లంటారు. అవమానమే, కాదనను. కానీ నెలంతా ఒళ్లు విరిగేలా చాకిరీ చేసేదానికి ఆ మూడు రోజులూ ప్రాణం లేచొచ్చేది.

అలా కూర్చున్న ఒకనాడు ఎదురుగా ఉన్న బోసిగోడని చూసి చూసి విసుగెత్తి, బొగ్గుముక్కతో దాని మీద ఒక తోట గీశాను. నేల లేకపోతేనేం, గోడ ఉందిగా! కింద నిలువునా రెండుగా కోసిన కిరసనాయిలు డబ్బాలు, వాటిలో దొండ, బచ్చలి. అవి పాకడానికి వెదురు బద్దల దడి. దడికి రెండు వరసలుగా వేలాడే కొబ్బరిచిప్పలు, వాటిలో మెంతికూర, పుదీనా. చిప్పల అడుగున చిల్లు పెడితే పైచిప్ప నీళ్లు కిందిచిప్పలోకి, అక్కణ్ణుంచి డబ్బాలోకి దిగుతాయి. ఒక్క చెంబుతో మూడు వరసలూ తడుస్తాయి. ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరున్నారు గనక!

ఆదివారం మావారు మేకులు కొడుతూ, "బట్టలు ఆరేసే చోట కూరగాయలు ఆరేస్తావా?" అని నవ్వారు. సంగం జాగర్లమూడి నుంచి వచ్చే పాలమనిషి కాలవ ఒండ్రుమట్టి గంపకెత్తి తెచ్చిచ్చింది. మా నాన్న దొండతీగ ముక్కలు తడిగుడ్డలో చుట్టి, రేపల్లె బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి గోడ కనిపిస్తే ఒట్టు. పిందెలు చూసి అత్తగారు కూడా, "అంతా నీ చేతి చలవే అమ్మాయ్" అన్నారు. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి మెప్పు అది.

పొంగిపోయాను. ఆ నెల బయట చేరి, అలవాటుగా చాప చంకన పెట్టుకుని గోడవైపు నడిచాను.

"ఆగక్కడ!" అని అరిచారు అత్తగారు. "పిందె మీదున్న తీగ. నీ నీడ పడితే మాడిపోదూ? కట్టెల గదిలో కూర్చో."

తీగ పాకే రోజుల్లో పట్టించుకోలేదు గానీ, కాపు పట్టగానే పట్టింపు వచ్చింది. నాలుగు మూరల సందులో నీడ పడకుండా కూర్చునే చోటేది? పుట్టింట్లో పాదులకీ మేం కూర్చునే అరుగుకీ మధ్య పెద్ద దొడ్డి ఉండేది. అందుకే గోడ మీద గీతలు గీసేటప్పుడు నా చాప సంగతి నాకు తట్టలేదు. ఎంత తెలివితక్కువదాన్ని! కట్టెల గదికి కిటికీ లేదు. లేచి నిలబడితే మెట్ల అడుగు తలకి కొట్టుకునేది. సరుగుడు కట్టెల మధ్య మొదటి రోజంతా ఏడ్చాను.

మరుసటి నెల ఏడవలేదు, ఒళ్లు మండింది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీయగానే బయటికొచ్చి తీగ తీగనీ, ఆకు ఆకునీ, పిందె పిందెనీ చేత్తో నిమిరాను. మాడిపోండి, మీ దుంపతెగ! మీరు మాడితే డబ్బాలు అవతల పారేస్తారు, నా చోటు నాకొస్తుంది. మూడు మధ్యాహ్నాలూ అదే పని. అంటే నేనూ నమ్మానన్నమాట. ఒక్క ఆకు వాడలేదు. పైగా కాయలు విరగకాశాయి.

మూడో రోజు అత్తగారు దొండకాయ వేపుడు చేసి, తాను తిన్నాక, నా పళ్లెం గడప అవతలి నుంచి లోపలికి తోశారు.

"చూశావా? నువ్వు దూరంగా ఉండబట్టే ఇలా కాశాయి. ఇక నుంచి నీ చోటు ఇదే."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చెప్పెయ్యాలనిపించింది. ఇవన్నీ నేను ముట్టుకున్నవేనండి, మీరు తిన్నదీ అవేనండి, అని. ఆ ఒక్క మాటతో సాయంత్రానికల్లా దడి ఊడొస్తుంది, ఆకాశం తిరిగొస్తుంది. నాన్న ఒళ్లో పెట్టుకుని తెచ్చిన తీగలు పెంటకుప్పలో పడతాయి. ఆ తర్వాత నా గతేమిటో ఊహించుకోవడానికే భయమేసింది. నోరు తెరిచాను. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని చూస్తున్నారు.

"ఏంటే?"

"కాస్త ఉప్పు తక్కువైందండి" అన్నాను.