తాతకు నేను వేసిన షిఫ్టు

పిల్లలూ, రిటైరై హాయిగా ఇంట్లో కూర్చున్న మీ తాతను మళ్లీ ఉద్యోగానికి తరిమింది ఎవరనుకుంటున్నారు? నేనే. కర్ర పట్టుకుని కాదు, ప్రెషర్ కుక్కర్ పెట్టి. ముందు నవ్వండి. తర్వాత కొంచెం జాలి కూడా పడండి.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఆయనవి షిఫ్టులే. ఆయన వచ్చేసరికి నేను పొలంలో, నేను వచ్చేసరికి ఆయన నిద్రలో. ఒకే గదికి కిరాయి కట్టే ఇద్దరు కొత్తవాళ్లలా బతికాం. "రిటైరైనంక రోజూ పొద్దూకి నీతోని అష్టాచెమ్మ ఆడత యాదమ్మా" అనేవారు. అందుకోసం గవ్వలు కూడా దాచాను.

తీరా రిటైరయ్యాక ఆయన ఫోన్లో, నేను సీరియల్లో మునిగాం. గవ్వలు డబ్బాలోనే ఉండిపోయాయి. అప్పుడే మన సింధు పుణె నుంచి ఫోన్ చేసి, "ఖాళీ టైం ఊరికే పోనియ్యకు నానమ్మా, ఏం చెయ్యాలో ముందే అనుకో" అంది. మంచి మాటే. నా చేతిలో పడడమే దాని ఖర్మ.

పెద్ద కాగితం మీద చార్టు గీసి గోడకు అంటించాను. ఆరింటికి నడక, ఎనిమిదింటికి తోటపని, పదింటికి పేపరు, సాయంత్రం ఐదింటికి అరగంట అష్టాచెమ్మ. మరి సైరన్ లేకుండా షిఫ్టెలా మారుతుంది? కుక్కర్‌లో ఉత్త నీళ్లు పోసి విజిల్ వేయించేదాన్ని.

"ఏమయ్యా, కూత ఇనవడలేదా? తోటపనికి లేటైంది."

"ఉన్నయే రెండు మిరప చెట్లు. రెండు గంటలు వాటికాడ ఏం జెయ్యాలె?"

"చార్టుల ఉన్నది. చెయ్యాలె."

పక్కింటి మల్లేశం గేటు దగ్గర నిలబడి, "కాకా, చాయ్ తాగొద్దాం దా!" అని పిలిచాడు.

"గేట్‌పాస్ లేదు తమ్మీ. మీ చిన్నమ్మనడుగు."

"పేపరు చదువుడైనంక పో. పది నిమిషాలే" అన్నాను. నవ్వకుండా అన్నాను పిల్లలూ!

ఆ సాయంత్రం ఆటలో ఆయన కాయ పండడానికి ఒక్క గడే మిగిలింది. గవ్వలు గుప్పిట్లో ఊపుతున్నారు. కుక్కర్ కూసింది.

"టైమైంది, ఇగ లెవ్వు" అంటూ నేల మీది గళ్లు తుడిచేశాను.

ఆయన గవ్వలు మెల్లగా నా చేతిలో పోసి లేచారు.

సోమవారం పొద్దున చూస్తే పాత కంపెనీ బూట్లు తొడుక్కుంటున్నారు.

"యాడికయ్యా?"

"ఇంద్రేశంల కొత్త లేఅవుట్ ఉన్నది గదా. గేటుకాడ వాచ్‌మన్ పని దొరికింది."

"ఇంట్ల ఏం తక్కువైంది నీకు?"

"ఏం తక్కువ గాలేదే. ఆడైతే వారానికొక దినం సెలవిస్తరు."

ముప్పై నాలుగేళ్లు ఎదురుచూసిన సాయంత్రాలను నేనే ఇలా బూట్లు తొడిగి పంపించాను. ఇప్పుడు మాకు ఆదివారం ఒక్కటే. చార్టు పీకి, దాని వెనకే గళ్లు గీశాను. ఎంతసేపైనా ఆడుకుంటాం. మధ్యలో కునుకు తీసినా లేపను.

"ఇగ పని బంద్ పెట్టరాదు?" అని అడిగితే, "ఆ చార్టు మల్ల గోడెక్కదని నమ్మకమేంది?" అని నవ్వుతారు. నవ్వులాటకే అంటున్నారో, నిజంగానే అంటున్నారో అడిగే ధైర్యం నాకు లేదు.

అందుకే పొయ్యి ముందు నిలబడి ఒట్టేస్తున్నాను పిల్లలూ. ఇకపై ఈ ఇంట్లో కుక్కర్ కూసేది అన్నం ఉడికితేనే.