రెండు కోడ్‌ల జబ్బు

2001లో నేను రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో పనిచేసేవాణ్ణి. ప్రతి రోగి కేస్‌షీట్‌కూ జబ్బునుబట్టి ఐసీడీ కోడ్ వెయ్యడం నా పని. ఐసీడీ అంటే లోకంలోని జబ్బులన్నిటికీ అక్షరమూ అంకెలూ కేటాయించిన జాబితా. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మెదడు గురించి తెలిసిందంతా గ్రంథాలయంలో చదువుకున్నదే.

ఒకరోజు అంతర్వేది వైపు నుంచి వచ్చిన సత్తియ్య అనే ముసలి మత్స్యకారుడి కేస్‌షీట్ వచ్చింది. ‘డిమెన్షియా’ అని మాత్రమే ఉంది. అంటే మతిమరుపు ముదిరి తెలివి తగ్గిపోవడం. అది ఏ జబ్బువల్ల వచ్చిందో తెలిస్తేగాని కోడ్ పూర్తికాదు. అడగడానికి వార్డుకు వెళ్ళాను.

అన్నకు పిచ్చెక్కిందనీ, విశాఖ పిచ్చాసుపత్రికి రాసిమ్మనీ సత్తియ్య తమ్ముడు డాక్టరుగారితో వాదిస్తున్నాడు. భార్య నూకాలమ్మ ఇంటికి తీసుకుపోతానంటోంది. స్కాన్‌లోనూ రక్తపరీక్షల్లోనూ వేరే కారణమేదీ దొరకలేదని డాక్టరుగారు నాతో అన్నారు. ఇక జ్ఞాపకశక్తి పరీక్ష. తారీకు చెప్పడం, గడియారం బొమ్మ గియ్యడం బడికెళ్ళని మనిషి దగ్గర పనికిరాలేదట.

“తారీకులు మాకెందుకండీ? తిథి అడగండి,” అంది నూకాలమ్మ. “ఈయన తిథి చూసి సముద్రం పోటెప్పుడో చెబితేనే మా పేటోళ్ళు పడవలు తీసేవోరు.”

ఇవాళ ఏ తిథి అని అడిగారు డాక్టరుగారు. సత్తియ్య కిటికీలోంచి ఆకాశం చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి నవ్వాడు.

“ఈవిడ్ని అడగండి. ఎవరోగాని, మంచావిడ.”

తమ్ముడు వాదన మాని, వచ్చి అన్న మంచం మీద కూర్చున్నాడు.

జబ్బు ఎప్పుడు, ఎలా మొదలైందో నూకాలమ్మ చేత ఓపిగ్గా చెప్పించుకుని, డాక్టరుగారు ‘అల్జైమర్స్’ అని రాశారు. నేను రెండు కోడ్‌లు వేశాను. ముందు జి30, మెదడు కణాలు నశించే జబ్బు. దాని వెనక ఎఫ్00, ఆ జబ్బువల్ల వచ్చిన మతిమరుపు. ఆ వరస మరోసారి చూశాను. ఎక్కడో కూర్చుని ఈ పద్ధతి ఏర్పరచినవాళ్ళు సత్తియ్యను ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన మతిమరుపుకు ముందు ఆయన జబ్బును నిలబెట్టారు.

డిశ్చార్జి కాగితాలు ఇస్తుంటే, ఏం రాశారని నూకాలమ్మ అడిగింది. రెండు కోడ్‌ల సంగతీ చెప్పాను.

“అయితే నన్ను కావాలని మర్చిపోలేదన్నమాట.”

“లేదమ్మా. జబ్బు మరిపించింది.”

తమ్ముడు మళ్ళీ విశాఖ మాట ఎత్తలేదు. “పదన్నయ్యా, ఇంటికెళ్దాం” అని చెయ్యి అందించాడు.

మతి తప్పిన మనిషిలో మనకు ముందుగా కనబడేది రెండో కోడే. మొదటిది అడిగి తెలుసుకోవాలని నాకు ఆ రోజు తెలిసింది.