మానిన తొడతో రెండు వారాల కుంటుడు

ఇందులో ప్రతి అక్షరం నిజమని బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను.

గడ్డపోతారంలో మా మందుల కంపెనీలో నిచ్చెన మీది నుంచి పడ్డాను. తొడ ఎముక విరిగిందని నేనే తేల్చేసి, నాటు కట్టు కట్టించుకోవడానికి బయలుదేరాను. నా భార్య సుగుణ అడ్డం నిలబడింది.

“బొక్క ఇరిగిందో లేదో సూడకుండ కట్టేందయ్యా?”

ఆసుపత్రిలో చూస్తే ఎముక బాగానే ఉంది. తొడ వెనక స్నాయువు చిరిగింది. ఆరు వారాలు ఆసరాతో నడవమన్నారు. సుగుణ భుజమే ఆసరా. నాలుగో వారానికే నొప్పి పోయినా, ఆ భుజం వదలబుద్ధికాక కుంటుతూనే ఉన్నాను.

“నాటకాలు సాలుగని, ఇగ నడువయ్యా!” అంటూనే భుజం అందించేది. ఇప్పటికీ అలాగే తిడుతుంది.

ఆ ‘ఇప్పటికీ’ అన్న మాటొక్కటే నా కల్పన. సుగుణ చనిపోయి రెండేళ్లయింది. చర్చికి వెళ్లేటప్పుడు నా కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తాను.