పశువైద్య కళాశాల గేటు

పుల్లలచెరువు దాపున ఆశ్రమం వాళ్ళు మొదట కట్టింది గుడి కాదు, గొర్రెలు తాగే నీళ్ళ తొట్టి. ఆ కరువు ఏడాది బోరులో నీళ్ళు పడ్డాయని వినగానే పోలమ్మ తన మందను తోలుకొచ్చింది. తర్వాత అక్కడ బడి లేచింది, ఆసుపత్రి లేచింది, చివరికి విశ్వవిద్యాలయమే అయింది. పోలమ్మ మాత్రం ఇప్పటికీ ఆ తొట్టి దగ్గర ఇంటి మనిషిలాగే కేకలేస్తుంది.

పశువైద్య కళాశాల పునాదులకు ముగ్గు పోసిన రోజు ఆశ్రమం పెద్దస్వామి ఆమెను పిలిపించారు.

"దీని తర్వాత డాక్టర్ల కాలేజీ కూడా కడతాం. ఎట్లుంది పోలమ్మా?"

"బాగుంది గానీ, గేటుకు ఇంతే జాగానా సామీ? మనుషులైతే ఒకరెనక ఒకరు వస్తారు. గొర్లు అట్ల రావు. ముందుది దూరిందంటే మందంతా ఒక్కసారే తోసుకొస్తాది."

స్వామి నవ్వి, అక్కడికక్కడే ముగ్గు చెరిపించి గేటు వెడల్పు చేయించారు.

ఈ ఏడు కళాశాల తెరిచారు. పోలమ్మ మనవరాలు అంజలి పుస్తకాల సంచితో ఆ గేటు దాటింది. వాళ్ళ పల్లెలో కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్ల ఆమే.

"ఒక్క పిల్ల కోసమా అవ్వా, ఇంత పెద్ద గేటు పెట్టించినావు?" అని వాచ్‌మన్ నవ్వాడు.

"ముందుది దూరింది గదరా," అంది పోలమ్మ. "ఇంక నువ్వు పక్కకు జరుగు."