సున్నా దగ్గర ఉప్పు

2019 ఎండాకాలంలో జరిగిన సంగతి ఇది. అప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు వేలిముద్ర వేయడం తప్ప ఏమీ రాదు. మాది కోడూరు. బడికెళ్లే వయసులో నేను పాయలో నడుములోతు నీళ్లలో నిలబడి రొయ్యపిల్ల పట్టేదాన్ని. యాభై దాటాక మా చర్చిలో పాస్టరమ్మ గారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను.

బందరు దగ్గర తీరాన ఉన్న ఒక సముద్ర పరిశోధన కేంద్రంలో పదకొండేళ్లు రోజుకూలీ మీద పనిచేశాను. అక్కడి హేచరీలో, అంటే గుడ్ల నుంచి పిల్లల్ని తీసే షెడ్డులో, మండపీత పిల్లల్ని పెంచేవారు. పంపు సముద్రపు నీటిని లాగేది, ఇసుక ఫిల్టరు వడకట్టేది, బ్లోయరు తొట్టెల్లోకి గాలి ఊదేది. తొట్టెలు కడగడం, నీళ్లు మార్చడం నా పని.

ఆ పిల్లలకి ఉప్పు ముప్పై పీపీటీ దగ్గర ఉండాలి. అంటే వెయ్యి పాళ్ల నీటిలో ముప్పై పాళ్ల ఉప్పు. దాన్ని రిఫ్రాక్టోమీటరు అనే చిన్న గొట్టంలోంచి కన్ను పెట్టి చూస్తారు. చూసే ముందు ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, గీతను సున్నా దగ్గర నిలపాలి.

ఆ ఏడు డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. టెక్నీషియన్ కిరణ్ కుళాయి నీళ్లు వేయడం చూశాను.

"అదేంటి తమ్ముడూ, సీసా నీళ్లు కదా వెయ్యాలి?"

"కావాలని ఇండెంటు రాసి పెట్టి నెలయిందక్కా. సైంటిస్టు సార్ సంతకం పెట్టలేదు. ఏ నీళ్లయినా నీళ్లే."

అన్ని నీళ్లూ ఒకటి కాదు. ఎండలకి మంచినీళ్లు చాలక, పై ట్యాంకుకి బోరు కలిపారు. తీరాన బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో అందరికీ తెలుసు, తాగేవాళ్లకి. ఆఫీసులో వాళ్లు క్యాన్ నీళ్లు తాగేవారు. ఆ కుళాయి కింద మొహం కడిగేది, నోరు పుక్కిలించేది నేనొక్కదాన్నే.

తొట్టెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఎండకి నీళ్లు ఇగిరి, సముద్రం కంటే కటువుగా ఉంది.

"తమ్ముడూ, ఉప్పు ఎక్కువైంది. మంచినీళ్లు కలుపు."

"మీటరు ముప్పై చూపిస్తోంది. నీ నాలుక మీద గీతలున్నాయా ఏంటక్కా?" అని నవ్వాడు.

మూడో రోజుకి పిల్లలు చచ్చి అడుగున ధూళిలా పరుచుకున్నాయి. మా కోడూరు రైతులు చెరువులు సిద్ధం చేసుకుని ఎదురుచూస్తున్న పిల్లలవి.

సైంటిస్టు గారు నన్ను పిలిచి ఒక కాగితం, ఇంకు ప్యాడు ముందుకు తోశారు. "వెయ్యమ్మా. మామూలు రిపోర్టే."

"ఏం రాశారు సార్?"

"నీకెందుకు అవన్నీ?"

కాగితం పట్టుకుని బయటికొచ్చాను. కిరణ్ చేత చదివించాను. అతను తల వంచుకుని చదివాడు. "పనిమనిషి బక్కెట్లు సబ్బుతో కడిగినందువల్ల పిల్లలు చనిపోయాయి."

పదకొండేళ్లలో ఆ షెడ్డులోకి సబ్బు తేలేదు నేను. వేలిముద్ర వేస్తే నా పని పోతుంది, నా పేరు కూడా పోతుంది. చదువు రాని మనిషి కాబట్టి తప్పు కూడా నాకు తెలియకుండానే నాతో ఒప్పించాలనుకున్నారు! ఆ రాత్రంతా ఒళ్లు మండిపోయింది. మీటరు అబద్ధం చెప్పలేదు. ఉప్పునీళ్లు చూపించి ఇవే మంచినీళ్లని దానికి చెప్పింది వీళ్లు. అందుకే తొట్టెలో ఉప్పు ముప్పై దాటినా అది ముప్పై అనే చూపించింది. పక్కనున్న మనిషి చెప్తే వినరు. ఆ కేంద్రంలో నేను నేర్చుకున్నది ఇదే: కొలిచే ముందు, దేన్ని సున్నా అనుకున్నామో చూసుకోవాలి.

మర్నాడు పొద్దున్నే స్టీలు గ్లాసు నిండా కుళాయి నీళ్లు పట్టాను. వేలిముద్ర లేని ఆ కాగితాన్ని సైంటిస్టు గారి బల్ల మీద పరిచి, దాని మీద గ్లాసు పెట్టాను.

"తాగండి సార్."

ఒక గుక్క తాగి, కిటికీలోంచి ఉమ్మేశారు. "థూ! ఏం నీళ్లమ్మా ఇవి?"

"మీ సున్నా సార్," అన్నాను.