మామ బస్సుకు గ్రీకు పాఠం

చదువు ఎక్కువైతే మనిషి ఎంత నష్టం చేయగలడో చూడాలంటే నా దగ్గరికి రండి. ఒక్క ఇంగ్లీషు మాటతో నేను ఒక బస్సును, దాంతోపాటు నా పెళ్లిని కూడా దాదాపు గడ్డివాములోకి తోసేశాను.

పంతొమ్మిది వందల యాభైల్లో మాట. కర్నూలు కాలేజీలో బి.ఏ. చదువుతూ, మేనమామ కూతురు సుభద్రను ఇమ్మని అడగడానికి రాజంపేట దగ్గర వాళ్ల ఊరికి పోయాను. మామ ఊ అంటేనే పెళ్లి. ఆయనకు ఇద్దరే బిడ్డలు. ఒకరు సుభద్ర, రెండోది ఇంటిముందు వాలులో నిలిపిన పాత బస్సు. బ్రేకుల మీద నమ్మకం లేక దాని చక్రం కింద ఎప్పుడూ ఒక తెల్లరాయి పెట్టేవాడు.

"ఏమప్పా అల్లుడూ, కర్నూల్లో ఏం చదువుతాండావు?" అన్నాడు మామ, అరుగు మీద కూర్చుని.

అడిగాడా! ఇక నన్నెవరు ఆపుతారు?

"మాటల పుట్టుక, మామా! నీ బస్సునే తీసుకో. ఇంగ్లీషులో దీన్ని ఆటోమొబైల్ అంటారు. ఆటో గ్రీకు మాట, తనంతట తాను అని. మొబైల్ లాటిన్, కదిలేది అని. తండ్రి గ్రీకు, తల్లి లాటిన్ అనుకో."

"అంత దూరపు సంబంధం యాడ కుదిరిందప్పా?"

"ఉండు, రాసి చూపిస్తా!"

అరుగుకు పరిచిన కడప బండ నల్లబల్లలా నున్నగా ఉంది. సుద్దముక్కే లేదు. అటూ ఇటూ చూస్తే తెల్లరాయి కనిపించింది. ఎక్కడ కనిపించిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు. పైగా బిగుసుకుని ఉంటే కాలితో తన్ని మరీ లాగాను.

గ్రీకు అక్షరాలు రెండు రాశానో లేదో, వెనక కిర్రుమంది. బస్సు తనంతట తాను కదిలింది. కోళ్లు అరిచాయి. మామ పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు, రాయి పట్టుకుని ఆయన వెనక నేను. మేం చేరేలోపే అది పక్కింటి గడ్డివాములో సగందాకా దూరి కూర్చుంది.

మామ గడ్డి దులుపుకుంటూ వచ్చాడు. "కదుల్తాదంటివి, కదిలింది. నిలబెట్టేదానికి లాటిన్లో ఏమంటారో అది గూడా చెప్పప్పా!"

నేను చేతిలోని రాయిని వీపు వెనక్కి దాచుకున్నాను.

"ఇట్లాంటోనికి నా బిడ్డనెట్లిచ్చేది?" అంటూ ఆయన లోపలికి నడిచాడు.

గడప దాటి వచ్చిన సుభద్ర నా చేతిలోని రాయి తీసుకుంది. "నాయనా, బావకు శానా తెలుసు. యాడ ఆగాల్నో అదొకటే తెల్దు. ఆ అడ్డం రాయేదో నేను పెడతాలే."

మామ పకపకా నవ్వాడు. పెళ్లయింది.

అందుకని మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. చక్రాలున్న ఏ వస్తువు దగ్గరా మాటల పుట్టుక గురించి ఈ జన్మలో నోరెత్తను. అన్నట్టు, ప్రమాణం అనే మాట ఎట్లా పుట్టిందంటే...

"బావా, రాయి తెచ్చేదా?" అంటోంది వంటింట్లోంచి సుభద్ర.