తెనాలి కోర్టు వరండాలో పిన్ని

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, మేం బాపట్లలో ఉండేవాళ్లం. అమ్మ పోయిన రెండో ఏడు నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నారు. వచ్చినావిడను పిన్ని అని పిలిచేదాన్నే కానీ, ఆవిడ చేసే ప్రతి పనినీ అనుమానంగానే చూసేదాన్ని. జడ వేస్తే ఎందుకింత ప్రేమ అనుకునేదాన్ని. వేయకపోతే అసలు రంగు బయటపడిందనుకునేదాన్ని. రేపల్లెలో ఉండే మా అమ్మమ్మ వచ్చినప్పుడల్లా, "ఆవిడ చేత్తో ఇచ్చింది కాస్త చూసుకుని తినవే అమ్మా" అని నా చెవిలో చెప్పి వెళ్లేది.

అందుకే ఒక సాయంత్రం పిన్ని కాచిన పాలు వద్దని, ఆవిడ పెరట్లో ఉండగా నేనే కిరసనాయిలు స్టవ్ వెలిగించి వేరే పాలు కాచుకోబోయాను. గిన్నె ఒరిగి ముంజేయి కాలింది. పిన్ని పరుగున వచ్చి చల్లనీళ్లు పోస్తుంటే, ఈ కంగారు నిజమేనా అని ఆవిడ మొహంలోకే చూశాను.

ఆ మచ్చ అమ్మమ్మ కంట పడింది. సవతి తల్లి వాత పెట్టిందనుకుంది. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. పిల్లను మాకు అప్పగించమని మా మామయ్య తెనాలి కోర్టులో కేసు వేశాడు. జడ్జిగారు నన్నే అడుగుతారని తెలిశాక అందరూ నాకు మాటలు నేర్పడం మొదలుపెట్టారు. పిన్నే కాల్చిందని చెప్పమంది అమ్మమ్మ. పిన్ని చాలా మంచిదని చెప్పమన్నారు నాన్న తరఫు ప్లీడరు. సవతి తల్లికి పిల్ల మీద చట్టంలో ఏ హక్కూ లేదు, మీరు లోపలికి రాకండి అని పిన్నితో అన్నదీ ఆయనే. పిన్ని మాత్రం నాకేమీ నేర్పలేదు. ఆ మౌనం వెనక ఏదో ఉందని భయం వేసింది.

వాయిదా రోజు పొద్దున్న, రైలు తెనాలికి దగ్గరపడుతుండగా పిన్ని నోరు విప్పింది.

"చెయ్యి ఎలా కాలిందో నీకు తెలుసు కదమ్మా. అదే చెప్పు. నన్ను మంచిదాన్నని చెప్పొద్దు. మీ అమ్మమ్మని చెడ్డదనీ చెప్పొద్దు. ఎక్కడుంటావో అది నీ ఇష్టం."

ఇదీ ఒక ఎత్తుగడేనేమో అనుకున్నాను. జడ్జిగారి గదిలోకి వెళ్తూ వెనక్కి చూశాను. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కళ్లతో సైగ చేస్తుందేమోనని ఎదురుచూశాను. నా వైపు చూడనే లేదు.

జడ్జిగారు చెయ్యి చూపించమన్నారు. పాలు కాచుకోబోయి నేనే కాల్చుకున్నానని చెప్పాను. ఆవిడ నిన్నెప్పుడైనా ఏమైనా చేసిందా అని అడిగారు. చాలాసేపు గుర్తు చేసుకున్నాను. ఒక్కటీ దొరకలేదు. "లేదండి" అన్నాను. అన్నాక ఎందుకో ఏడుపొచ్చింది. నాన్న దగ్గరే ఉంటానన్నాను.

కోర్టు అలాగే చెప్పింది. తీర్పు విని అమ్మమ్మ కూలబడిపోతే, పిన్ని వెళ్లి పక్కన కూర్చుంది. "సెలవులకి దాన్ని నేనే రేపల్లె తీసుకొస్తానండి" అంది. అమ్మమ్మ మొహం తిప్పేసుకుంది. అయినా పిన్ని ప్రతి సెలవులకీ తీసుకెళ్లింది. మొదట్లో గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయేది. కొన్నేళ్లకు అమ్మమ్మే లోపలికి రమ్మంది.

ఇప్పుడు నా మనవలు ఒకరి మీద ఒకరు చాడీలతో వస్తే, ఏం జరిగిందని మాత్రమే అడుగుతాను. వాళ్ల నోట ఏ మాట వస్తే బాగుంటుందో నా మనసులో ఉంటుంది. అయినా అందించను, ఆగుతాను. అలా ఆగడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు పిన్ని, ఓడిపోయినా సరే అనుకునే ఆగింది.